ఫిర్యాదు చేయడం వచ్చిందో లేదో ఏ పరీక్షతో తెలుస్తుంది?

కర్నూలుకు బదిలీపై వచ్చే ఉత్తరాది బ్యాంకు ఉద్యోగులకు కొన్నేళ్లుగా తెలుగు నేర్పుతున్నాను. పలకరింపులు, విన్నపాలు వాళ్లకు త్వరగానే పట్టుబడతాయి. చిక్కంతా ఫిర్యాదు దగ్గరే. మెత్తగా అడిగితే పని జరగదు, గట్టిగా అడిగితే మనిషి దూరమవుతాడు. అది వచ్చిందో లేదో చూడడానికి మూడు పద్ధతులు వాడుతూ వచ్చాను.

ఎక్కువ వాడింది రాతపరీక్ష. సందర్భం ఇచ్చి ‘మీరేమంటారు?’ అని అడిగే డిస్కోర్స్ కంప్లీషన్ టెస్ట్ అన్నమాట. 1980లలో భాషా పరిశోధకురాలు షోషానా బ్లమ్-కుల్కా బృందం విన్నపాలను, క్షమాపణలను పలు భాషల్లో పోల్చింది దీనితోనే. తరగతి మొత్తానికీ ఒకేసారి పెట్టవచ్చు, సందర్భం ఒకటే కనుక పోల్చడం తేలిక. ఫిర్యాదు తీవ్రతకు ఓల్‌ష్టైన్, వైన్‌బాక్ అనే పరిశోధకులు 1987లో ఇచ్చిన అయిదు మెట్లు దిద్దేటప్పుడు ఇప్పటికీ అక్కరకొస్తున్నాయి. నిష్ఠూరం దాకా పోని మాటతో మొదలై బెదిరింపు దాకా వెళ్తాయి.

అయితే అద్దె ఇంట్లో నీళ్లు రాని సందర్భానికి ఒక ఉద్యోగి ఇలా రాశారు: ‘ఓనరు గారూ, మూడు రోజులుగా కుళాయి రావడం లేదండీ. ఈ రోజే మోటారు బాగు చేయించండి.’ వంక పెట్టడానికి లేదు. మర్నాడు అదే సందర్భానికి రోల్ ప్లే పెట్టి, ఓనరుగా నేను కూర్చున్నాను. రాసిన మాటలే చెప్పారు. ‘మొన్ననే కదా బాగు చేయించింది! నీళ్లు మీరే ఎక్కువ వాడేస్తున్నారేమో’ అన్నాను. ఆయన ‘సరేనండీ’ అని లేచిపోయారు. మోటారు సంగతి అలాగే ఉంది, నింద మాత్రం ఆయన మీద పడింది.

ఎదుటివాళ్లు అడ్డం తిరిగినప్పుడు ఏం చేస్తారన్నది రాతలో తేలదు. తడబాటు, గొంతు పెంచడం, మాట మధ్యలో అందుకోవడం ఏవీ కనిపించవు. అందుకే నా ఓటు రోల్ ప్లేకే. దానికి సమయం బాగా పడుతుంది, రికార్డు చేసి రాసుకోవడం ఇంకా పెద్ద పని. ఓనరు వేషం వేసినవారి ఓపికను బట్టి పరీక్ష మారిపోకుండా, ఆ పాత్ర చెప్పాల్సిన జవాబులు ముందే రాసిపెట్టుకోవాలి.

బహుళైచ్ఛిక ప్రశ్నలు నాకు అంతగా ఉపయోగపడలేదు. సరైన వాక్యాన్ని గుర్తుపట్టినవారికి అది నోటికి వస్తుందన్న హామీ లేదు. పైగా ఫలానా మాట కచ్చితంగా తప్పని తెలుగువాళ్లమే నలుగురం ఒప్పుకోం. 1990లలో హవాయిలో హడ్సన్, డెట్మర్, బ్రౌన్ అనే పరిశోధకులు ఈ బహుళైచ్ఛిక పద్ధతితో పాటు రాత, మౌఖిక, రోల్ ప్లే పద్ధతుల్లోనూ రూపొందించిన పరీక్షల్లో విన్నపం, తిరస్కారం, క్షమాపణ ఉన్నాయి, ఫిర్యాదు లేదు. ఆ లోటు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ముగ్గురు నలుగురే ఉంటే నేరుగా రోల్ ప్లే పెట్టండి. తరగతి పెద్దదైతే ముందు రాతపరీక్ష పెట్టి, బాగా రాసినవారిని కూడా వదలకుండా ఒక్కసారైనా ఎదుట కూర్చోబెట్టి కాదనండి.