ఇంట్లో ఉండి పనిచేసే మనిషి కోసం ఏజెన్సీకి డబ్బు కట్టబోతున్నారా? కాస్త ఆగండి

ముందే చెబుతున్నాను, ఈ ఫిర్యాదు మా ఇంటికి వచ్చిన మనిషి మీద కాదు. ఆవిడ దొంగ కాదు, బద్ధకస్తురాలు అంతకన్నా కాదు. మాకు వచ్చిన తంటా అంతా ఆవిడ చురుకుదనంతోనే. ఆ చురుకుదనానికి హద్దు ఎక్కడో మాకూ చెప్పక, ఆవిడకూ చెప్పక, ఇద్దరి దగ్గరా డబ్బు గుంజిన ఏజెన్సీ గురించే ఈ హెచ్చరిక.

వచ్చిన కొద్దిరోజులకే ఇంటి ఫోను ఆవిడ అధీనంలోకి వెళ్లిపోయింది. మావారు ఒకరోజు ఒంట్లో బాగోలేదని ఆఫీసుకు సెలవు పెట్టారు. పరామర్శిద్దామని పై అధికారి ఫోను చేస్తే ఈవిడ తీసి, "జ్వరమూ లేదు, ఏమీ లేదండీ. తెల్లవారుజాము దాకా టీవీలో ఆట చూశారు. ఇకమీదట చూడనివ్వను లెండి" అని హామీ ఇచ్చి మరీ పెట్టేసింది. వాషింగ్ మెషీన్ బాగుచేయడానికి వచ్చినతన్ని గుమ్మంలోంచే పంపేసింది. కారణం అడిగితే, "పనిముట్ల సంచి మరీ కొత్తగా ఉందమ్మగారూ, అతనికి పని రాదు" అంది. ఆ తర్వాత వచ్చినతని సంచి పాతది. అతనికీ పని రాలేదు, అది వేరే సంగతి.

మా అబ్బాయి బడిలో చూపించడానికి గాజుగిన్నెలో బూజు పెంచుతున్నాడు. ఎంత పెరిగిందో రోజూ కొలిచి పుస్తకంలో రాసుకుంటున్నాడు. ఒక సాయంత్రం వాడు ఇంటికొచ్చేసరికి గిన్నె తళతళా మెరుస్తోంది. "ఇంత చదువుకున్నవాళ్లు బూజు పట్టిన గిన్నెను బల్లమీద పెట్టుకుంటారా?" అని చీవాట్లు మాకే. వాడి ఏడుపు చూసి మనసు కరిగినట్టుంది, నేరుగా వాడి టీచరుకే ఫోను చేసింది. క్షమాపణ చెబుతుందేమో అనుకున్నాం. "పిల్లలకు శుభ్రత నేర్పడం మాని ఇవేం చదువులమ్మా?" అని నిలదీసింది.

వీటన్నిటినీ తలదన్నేది మా అత్తగారి వ్యవహారం. ఆవిడకూ నాకూ చిన్న మాట పట్టింపు వచ్చి ఇద్దరం ముభావంగా ఉన్నాం. ఈవిడ నా దగ్గరకొచ్చి, "పెద్దమ్మగారు చాలా బాధపడుతున్నారు, తప్పు తనదేనన్నారు" అంది. అటు వెళ్లి నా గురించి అదే మాట చెప్పింది. ఇద్దరం ఉదారంగా ఒకరినొకరు క్షమించేశాం, ఇంట్లో నవ్వులు మొదలయ్యాయి. ఆ సంతోషంలో అత్తగారు, "నువ్వు తప్పు ఒప్పుకోవడం నాకెంతో నచ్చిందమ్మా" అనడంతో గుట్టు రట్టయింది. రెండో గొడవ మొదటి దానికన్నా ఎక్కువ కాలం సాగింది.

అప్పుడు ఏజెన్సీకి ఫోను చేశాను. డబ్బు కట్టేనాడు వాళ్లన్న మాట, "నచ్చకపోతే ఉచితంగా మార్చి ఇంకొకరిని పంపుతాం" అని. ఒప్పందం నకలు మాత్రం ఫీజు మొత్తం కట్టించుకున్నాకే చేతికిచ్చారు. అందులో ఉన్నది వేరు: మనిషి తనంతట తాను మానేస్తేనే ఉచిత మార్పిడి, మనం వద్దంటే మళ్లీ పూర్తి ఫీజు. "ఆవిడ ఏమైనా దొంగిలించిందా? పని ఎగ్గొట్టిందా? లేదు కదండీ, మరి ఇబ్బందేమిటి?" అని ఎదురు ప్రశ్న. పనుల జాబితా ఏదంటే "ఇంటి పనులన్నీ" అన్న ఒక్క మాట చూపించారు. బడి టీచరుకు బుద్ధి చెప్పడం కూడా అందులోకే వస్తుంది కాబోలు.

ఇక ఆవిడతోనే కూర్చుని మాట్లాడాం. మాకు "చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది" అన్న ఏజెన్సీ, ఆవిడకు "ఆ ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరు, అంతా నువ్వే నడపాలి" అని చెప్పి పంపిందట. వారానికి సెలవు ఉంటుందన్న సంగతే ఎత్తలేదట. పైగా మేము ఏజెన్సీ ద్వారా ఇస్తున్న జీతంలోంచి ప్రతి నెలా కొంత కోసుకుంటున్నారు. మా దగ్గర ఫీజు, ఆవిడ దగ్గర కోత! సెలవు లేక, పోవడానికి చోటు లేక, తలుపు వేసుకునే గదైనా లేక ఏడురోజులూ మా మధ్యే ఉండే మనిషి మా మాటల్లో దూరక ఏం చేస్తుంది?

ఇళ్లలో పనిచేసేవారి కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందం ఒకటుంది. ఆమోదించిన దేశాలకే అది కట్టుబాటు. మీ దేశం ఆమోదించకపోయినా ఏజెన్సీని ప్రశ్నించడానికి పనికొస్తుంది. పని స్వభావం, వేళలు, జీతం, సెలవు మనిషికి తేలిగ్గా అర్థమయ్యేలా, వీలైనంత వరకు రాతలో తెలపాలి. వారంలో కనీసం 24 గంటలు వరుసగా విశ్రాంతి ఇవ్వాలి, ఆ సమయంలో ఇంట్లోనే ఉండాలని కట్టడి చేయకూడదు. ఏజెన్సీ ఫీజును పనిచేసేవారి జీతంలోంచి కోయకూడదు. దానికి తోడుగా వచ్చిన 201వ సిఫారసు ఇంకో అడుగు వేసి, విడిగా గాలి వచ్చే గది ఇవ్వాలని, దాని తాళంచెవి ఆ మనిషి చేతిలోనే ఉండాలని చెబుతుంది. ఈ నాలుగు సంగతులూ మీ ఏజెన్సీని ఫోనులోనే అడగండి. మావాళ్లను అడిగితే నీళ్లు నమిలారు.

ఏజెన్సీతో తెగతెంపులు చేసుకున్నాం. ఫీజు తిరిగి రాలేదు, వస్తుందన్న ఆశా లేదు. ఆవిడను మాత్రం వదులుకోలేదు. జీతం నేరుగా ఆవిడకే ఇస్తున్నాం, పనులు కాగితం మీద రాసుకున్నాం, ఫోను తీయడం అందులో లేదు. ఆదివారం ఆవిడ బయటికి వెళ్తే మా అత్తగారే గడియారం చూసుకుంటూ కూర్చుంటున్నారు.

అదే ఏజెన్సీ ఇప్పుడు పేరు మార్చి ప్రకటనలు ఇస్తోంది, మాటతీరు మాత్రం పాతదే. "ఈ రోజే కట్టకపోతే ఈ మనిషి వేరే ఇంటికి వెళ్లిపోతుంది" అని తొందరపెడతారు, ఒప్పందం చూపించమంటే రసీదుతోపాటు ఇస్తామంటారు. ఆ రెండు మాటలూ వినబడితే ఫోను పెట్టేయండి.