డోర్నకల్ నుంచి డిచ్‌పల్లి దాకా, మేనత్తతో మూడు రోజులు

మా ముత్తాత డోర్నకల్ డయాసిస్‌లో (ఒక బిషప్పు కింద ఉండే చర్చిల ప్రాంతం) ఊరూరా తిరిగి సువార్త చెప్పిన ఉపదేశి. తాత పాస్టరు, ఊళ్లో అందరికీ అయ్యగారు. మేనత్త డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. మా పెదనాన్న కొడుకు ఇప్పుడు పాస్టరు. నేను మాత్రం హన్మకొండలో బ్యాంకు ఉద్యోగిని. "తీగ తెగింది నీ దగ్గరే రా" అని అత్త ఎప్పుడూ దెప్పుతుంటుంది. మొన్న నవంబరులో ఆమే అడిగింది: "మోకాళ్లు ఇంకా మాట వింటున్నయి. ఒక్కసారి మన పాత చర్చిలు, నా ఆసుపత్రి అన్నీ చూపించు బిడ్డా." నేను, అత్త, అన్న, ఇంటర్ చదివే అన్న కూతురు, నలుగురం బయల్దేరాం.

మొదటి రోజు డోర్నకల్. వరంగల్ నుంచి రైల్లో గంటన్నర, కారు కంటే ఇదే సుఖం. స్టేషన్ బయట ఆటోవాళ్లకు "బిషప్ గుడి" అంటే చాలు, అక్కడి పెద్ద చర్చికి తీసుకెళ్తారు. ఒక్క జాగ్రత్త: మామూలు రోజుల్లో గుడికి తాళం వేసి ఉంటుంది. మేం ముందుగా ఫోన్ చేయకుండా వెళ్లి ముప్పావుగంట వేపచెట్టు కింద కూర్చున్నాం. తాళంచెవులు తెచ్చినాయన మమ్మల్ని విసుక్కోలేదు, పైగా నీళ్లిచ్చాడు.

లోపలికి వెళ్లాక ఆ ముప్పావుగంట మరిచిపోయాం. బయట గుమ్మటాలు, మినార్లు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపలి స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. ఇది కావాలని అలా కట్టించినది. కట్టించినాయన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, తిరునల్వేలి వైపు వెళ్లాలన్విలైలో పుట్టిన తమిళుడు. తండ్రి హిందూ కుటుంబం నుంచి వచ్చి పల్లెటూరి పాస్టరైనవాడు. కొడుకు 1909లో భార్య అన్బుతో కలిసి డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘానికి మొదటి భారతీయ బిషప్పయ్యాడు. ఈ గుడి ప్రతిష్ఠ 1939 జనవరి 6న జరిగింది. ఆయన 1945 జనవరి 1న పోయాడు, సమాధి ఇక్కడే ఉంది.

అత్త సమాధి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు. అన్న కూతుర్ని పిలిచి, "చెయ్యి నెత్తి మీద పెట్టుకో" అంది. అజరయ్య గారు బాప్తిస్మం తీసుకున్నవాళ్ల చేత ఇలాగే అనిపించేవారు: నేను బాప్తిస్మం పొందిన క్రైస్తవుణ్ణి, సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ. మా ముత్తాత ఆ మాట అన్నవాడే. ఆ పనే చేస్తూ నెలకు కొద్దిపాటి జీతంతో, ఊళ్లోవాళ్లు పోసిన బియ్యంతో బతికాడట. పిల్ల సిగ్గుపడి సగంలో ఆపేసింది. అత్త బలవంతం చేయలేదు.

గోడల మీద ఉన్న పేర్లన్నీ చదివాను. ఉపదేశుల పేర్లు కనబడలేదు. "ముత్తాత పేరు ఏ రాయి మీదా లేదే" అన్నాను. "జీతం రిజిస్టరులో ఉంటది లే" అంది అత్త.

డోర్నకల్‌లో పెద్దవాళ్లతో రాత్రి ఉండాలంటే కష్టమే. ఖమ్మం అయినా వెళ్లాలి, వరంగల్ అయినా తిరిగి రావాలి. మేం ఇంటికొచ్చేశాం.

రెండో రోజు కారు మాట్లాడుకున్నాం. రోజుకు 3,200, డీజిల్ మాదే. సిద్దిపేట, రామాయంపేట మీదుగా మెదక్. డ్రైవరు మంచివాడే కానీ పాటల సౌండ్ తగ్గించమంటే ఐదు నిమిషాలకు మళ్లీ పెంచేవాడు.

మెదక్ గుడి గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి కొంచెమే రాస్తాను. 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు, గోపురం సుమారు 175 అడుగులు. వెస్లియన్ మెథడిస్టు మిషనరీ పాస్నెట్ దొర కరువు రోజుల్లో పనికి కూడు పెడుతూ కట్టించాడు. ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25న జరిగింది. ఆయన తోబుట్టువు ఎమిలీ కూడా మెదక్‌లోనే ఆడవాళ్ల మధ్య పనిచేసింది, అది చాలామందికి తెలియదు. రంగుటద్దాల కిటికీల కోసమైనా ఎండ ఉండగానే వెళ్లండి. వెనకనుంచి వెలుతురు పడితేనే బొమ్మలు కనబడతాయి. మేం నాలుగున్నరకు చేరాం, అరగంట దక్కింది. ఐదున్నరకల్లా ఏసు పరలోకానికి వెళ్లే ఆరోహణం కిటికీ ఉత్త నల్ల పలకైపోయింది. ఆదివారాలు, పండగరోజుల్లో జనం విపరీతం. ప్రశాంతంగా కూర్చోవాలంటే వారం మధ్యలో వెళ్లాలి.

అందం అడిగితే మెదక్‌దే. నాకు మాత్రం డోర్నకల్ మనసుకు దగ్గరగా అనిపించింది. మెదక్‌లో తల ఎత్తి చూస్తూ మెడ నొప్పి పుడుతుంది, డోర్నకల్‌లో స్తంభానికి ఆనుకుని కూర్చోబుద్ధేస్తుంది. డోర్నకల్ ఆంగ్లికన్లది, మెదక్ మెథడిస్టులది. 1947 సెప్టెంబరు 27న రెండూ దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) కలిశాయి. ఆ కలయిక వల్లే డోర్నకల్ పిల్ల మా అత్త మెదక్ డయాసిస్ కిందున్న డిచ్‌పల్లి ఆసుపత్రిలో ఉద్యోగానికి రాగలిగింది.

రాత్రి మెదక్‌లోనే ఒక లాడ్జి. గది 1,400. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, లిఫ్టు పనిచేసింది, అదొక్కటే అత్తకు కావలసింది. ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లని బోర్డు పెట్టారు గానీ గీజరు పాడైంది. పొద్దున్నే కుర్రాడు బకెట్‌తో పొగలు కక్కే నీళ్లు తెచ్చిపెట్టాడు. అన్న కూతురు చెయ్యి పెట్టబోతే అత్త కసిరింది. "చేత్తో కాదు, మోచేత్తో చూడు." ఎందుకని అడిగితే, "డిచ్‌పల్లిలో చెప్త" అంది.

కామారెడ్డి దాటాక హైవే మీదే డిచ్‌పల్లి. దారిలో ఖిల్లా రామాలయం దగ్గర ఆగాం. మెట్లు చాలా ఉన్నాయి, అత్త కిందే కూర్చుంది. డ్యూటీ లేని సాయంత్రాలు స్నేహితురాళ్లతో అక్కడికే షికారొచ్చేదట.

ఆసుపత్రిని ఇసబెల్ కెర్ అనే స్కాట్లండ్ డాక్టరమ్మ, ఆమె భర్త జార్జి కెర్ మొదలుపెట్టారు. రాజా నర్సాగౌడ్ అనే హిందూ ధనికుడి విరాళంతో 1915లో ఇక్కడ తెరుచుకుంది. కెర్ దొరసాని రోజుల్లో చాల్‌మోగ్రా జాతి నూనె సూదులే మందు. అత్త వచ్చేసరికి డాప్సోన్ మాత్రలు, 1980ల్లో ఇంకా గట్టి మందులు కలిపిచ్చే చికిత్స. "మందు రోగాన్ని తగ్గిస్తది, తిమ్మిరిని కాదు" అంది అత్త. స్పర్శ పోయిన చేత్తో వేడి గిన్నె పట్టుకుంటారు, కాలిన సంగతి బొబ్బ లేచాకే తెలుస్తుంది. అందుకే ప్రతి రోగికీ మోచేత్తో నీళ్లు చూడటం నేర్పేవాళ్లు. పాదాలకు పుండ్లు పడకుండా మెత్తటి ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులర్) రబ్బరు చెప్పులు. ఆమె నర్సు జీవితంలో సగం కాళ్లు కడగడంతోనే గడిచిందట.

ఇది పర్యాటక స్థలం కాదు, ఆసుపత్రి. టికెట్టూ ఉండదు, గైడూ ఉండడు. ఆఫీసులో అడిగి, వార్డుల ఫోటోలు తీయకుండా తిరగాలి. పాత రాతి కట్టడాలు, పెద్ద చెట్లు, పావుగంటలో చూసేయొచ్చు. మాకు రెండు గంటలు పట్టింది, కారణం అత్త.

గేటు బయట చెట్టు కింద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. అత్త ఆయన ముఖం వైపు చూడనే లేదు. కర్ర నాకిచ్చి, మెల్లగా వంగి ఆయన పాదాలు చూసింది. అప్పుడు తల ఎత్తి పేరు పెట్టి పిలిచింది. ఆయన నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

"చెప్పు పట్టీ తెగి ఎన్ని రోజులైంది? కుట్టించుకోమని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?" అంది అత్త.