గీజర్‌కి 4 స్టార్లు, బిగించడానికి వచ్చిన సర్వీసుకి 1

ఈ చలికాలం మొదట్లో 6 లీటర్ల ఎల్‌పీజీ ఇన్‌స్టంట్ గీజర్ కొన్నాం. వస్తువు బాగుంది. కుళాయి తిప్పిన కాసేపటికే వేడినీళ్లు, కరెంటు పోయినా ఇబ్బంది లేదు, మంట అంటుకోవడానికి రెండు పెద్ద బ్యాటరీలు చాలు. పై అంతస్తువాళ్లు మాత్రం ముందు ప్రెషర్ చూసుకోండి, ధార సన్నగా ఉంటే మంట వెలగదు.

నా బాధంతా బిగించడం గురించే. వచ్చిన టెక్నీషియన్ నేరుగా బాత్రూంలోకి వెళ్లి షవర్ పక్కన గోడకి డ్రిల్ పెట్టబోయాడు. "వెంటిలేటర్ ఉంది కద సార్, అందరూ ఇక్కడే పెట్టించుకుంటారు" అన్నాడు. చలికి ఆ వెంటిలేటర్ అద్దాలు ఎవరైనా తెరిచి ఉంచుతారా? తలుపు కూడా వేసుకున్నాక మంటకి గాలి చాలదు, గ్యాస్ సరిగా కాలక కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. సిలిండర్ లీకైతే తెలియాలని గ్యాస్‌లో వాసన కలుపుతారు, ఈ విషవాయువుకి మాత్రం రంగూ వాసనా ఏమీ ఉండవు. పైగా రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, ఆ తర్వాత స్పృహ తప్పడం. లోపల గడియ పెట్టుకున్న మనిషికి తలుపు తీసే శక్తి కూడా మిగలదు.

ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకుంటే సరిపోతుందనీ చెప్పాడు. బయటి గాలి లోపలికి వచ్చే దారి లేని గదిలో ఫ్యాన్ ఏం చేస్తుంది? పొగగొట్టం ఉన్న మోడల్ అయితే బయటికి పోవాల్సిన పొగనే వెనక్కి లాగొచ్చు. గీజర్ 20 నిమిషాలకు దానంతటదే ఆగిపోతుందన్న మాట కూడా నమ్మకండి, ఇరుకు గదిలో విషవాయువు నిండడానికి అంతసేపు అక్కర్లేదు.

చివరికి పట్టుబట్టి బయట వాష్ ఏరియాలో, గ్రిల్ ఉన్న గోడకి పెట్టించాను. పైపుకి అదనంగా ఖర్చైంది, మొదట కాసేపు చన్నీళ్లు వస్తాయి, అయినా పర్వాలేదు. పావురాలకి నెట్ కట్టుకోండి గానీ, వాన జల్లు పడుతోందని ఆ గ్రిల్‌ని అద్దాలతోనో ప్లాస్టిక్ షీటుతోనో మూసేయొద్దు, మూస్తే అదీ బాత్రూం లాంటిదే అవుతుంది. మంట నీలంగా ఉండాలి. పసుపుగా మారినా, మసి పట్టినా వాడటం ఆపి సర్వీసుకి పిలవండి.

ఇప్పటికే బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్లు దాన్ని బయటికి మార్పించండి. మార్చేదాకా తలుపు, కిటికీ బార్లా తెరిచి బకెట్ నింపుకుని, గీజర్ కట్టేసి, లోపలి గాలి బయటికి పోయాకే స్నానానికి వెళ్లండి, పిల్లలకీ ఇదే అలవాటు చేయండి.