క్యాలరీ యాప్‌లో ఎర్ర గీతలు: ఒక ఆడిటర్ రివ్యూ

నేను ఆడిటర్‌ని. లెక్కల పుస్తకంలో ఖాళీ గడి కనబడితే అక్కడ సున్నా ఉందనుకోను, పద్దు పడలేదనుకుంటాను. ఈ తేడా తెలియని గుమాస్తాని మా ఆఫీసులో ఎవరూ ఉంచుకోరు. నేను వాడుతున్న క్యాలరీ యాప్‌కి మాత్రం ఈ తేడా తెలియదు. దాని మీద నాకున్న ఫిర్యాదుల్లో సగం ఇక్కడే పుట్టాయి.

ముందు మంచి చెప్పేస్తాను. క్యాలరీలు కూడే పని బాగానే చేస్తుంది. బార్‌కోడ్ చూపిస్తే చటుక్కున పట్టేస్తుంది. నిన్న తిన్నదే ఇవాళా తింటే మళ్ళీ టైపు చేయక్కర్లేదు. ప్రకటనలు విసిగిస్తాయి కానీ భరించవచ్చు. క్యాలరీల అంకె అక్షరాలా నిజం కాదు, నిజానికి ఏ యాప్‌లోనూ కాదు. అమెరికా నియమాల ప్రకారమే లేబుల్ మీద రాసినదానికంటే 20 శాతం దాకా ఎక్కువున్నా తప్పు పట్టరు. బరువు తగ్గడానికి ఆ మాత్రం లెక్క సరిపోతుంది.

నా పేచీ అంతా పోషకాల పేజీతో. పొటాషియం, మెగ్నీషియం, ఇనుము, విటమిన్లు, ఒక్కోదానికి ఒక గీత. చాలకపోతే ఎరుపు, మించితే ముదురు ఎరుపు, సరిపోతే ఆకుపచ్చ. వారానికోసారి ఫోన్ మోగించి మరీ చెబుతుంది, మీకు ఫలానాది తక్కువైంది జాగ్రత్త అని. ఈ హెచ్చరికల్ని పట్టించుకోవాలా వద్దా అన్నది నన్ను చాలామంది అడిగిన ప్రశ్న, ఎందుకంటే మా ఆఫీసులో ఈ యాప్ నా ఫోన్ నుంచే నలుగురికీ అంటుకుంది.

పొటాషియంతో మొదలుపెడతాను. కొత్తగా యాప్ వేసుకున్న ప్రతివాళ్ళకీ మొదట వచ్చే ఎర్ర గీత అదే. నాకూ అదే వచ్చింది. ఎర్ర గీత చూడగానే అరటిపండ్ల కోసం పరిగెత్తకుండా, ముందు ఓచర్లు చూడాలి కదా! ఈ యాప్‌లో ఒక మంచి సౌకర్యం ఉంది. గీత మీద వేలు పెట్టి నొక్కితే ఏ ఆహారం నుంచి ఎంత వచ్చిందో జాబితా ఇస్తుంది. నొక్కి చూస్తే పాల పక్కన పొటాషియం 0. పెరుగు పక్కన 0. గంపెడు గింజలు వేసి చేసిన బ్రెడ్ పక్కనా 0. పొటాషియం లేని పాలు ఎక్కడా ఉండవు. నూనె, పంచదార లాంటివి వదిలేస్తే మనం తినే దాదాపు ప్రతి పదార్థంలోనూ ఎంతో కొంత ఉంటుంది. అంటే అవి సున్నాలు కావు, ఎవరూ నింపని గడులు. యాప్ వాటిని సున్నాలుగా కూడేసి, మొత్తం తక్కువొచ్చిందని నన్ను గద్దిస్తోంది.

గడులు ఎందుకు ఖాళీగా ఉంటాయో తెలుసుకుంటే సగం గాభరా తగ్గుతుంది. యాప్‌లోని పదార్థాల్లో చాలావాటిని మనలాంటి వాడకందార్లే ప్యాకెట్ వెనక చూసి ఎక్కించారు. ప్యాకెట్ వెనక ఏది ఉంటే అదే ఎక్కుతుంది. అమెరికాలో పొటాషియం, విటమిన్ డి తప్పనిసరిగా రాయాలన్న నియమం 2016లో వచ్చింది. అంతకుముందు ఎక్కించిన చిట్టాలు అలాగే పడి ఉన్నాయి. యూరప్ లేబుల్ మీద తప్పనిసరిగా రాసేవి శక్తి, కొవ్వు, సంతృప్త కొవ్వు, పిండిపదార్థం, చక్కెర, ప్రొటీన్, ఉప్పు, అంతే. పొటాషియం ఆ వరసలో లేదు. మెగ్నీషియం, జింక్ అయితే రెండు చోట్లా తప్పనిసరి కావు. కాబట్టి ప్యాకెట్లు ఎంత ఎక్కువ స్కాన్ చేస్తే ఈ పోషకాలు అంత తక్కువగా కనిపిస్తాయి. డబ్బు కట్టే వెర్షన్ తీసుకుంటే ఇంకా ఎక్కువ పోషకాల గీతలు చూపిస్తుంది. కాలమ్‌లు పెరుగుతాయి, ఖాళీలు వాటితోపాటే పెరుగుతాయి.

దీనికి మందు ఉంది. ఒకే పదార్థానికి యాప్‌లో పది ఎంట్రీలు కనిపిస్తాయి. వాటిలో అమెరికా వ్యవసాయ శాఖ డేటాబేస్ నుంచి వచ్చినదాన్ని ఎంచుకోండి. అక్కడ మామూలు సరుకుల అంకెలు ప్యాకెట్ వెనక చూసి రాసినవి కావు, ఖనిజాలూ విటమిన్లూ కూడా చాలావరకు నింపి ఉంటాయి. పాలు, గుడ్డు, కూరగాయలు, గింజలు లాంటి మామూలు సరుకుకి ఒక్కసారి ఆ ఎంట్రీ పట్టుకుంటే తర్వాత అదే వస్తుంది. ఒక సాయంత్రం కూర్చుని నా పాత ఎంట్రీలన్నీ అలా మార్చాను. అదే తిండి, అవే రోజులు, పొటాషియం గీత ఇంచుమించు గట్టెక్కింది.

ఇంచుమించు అనడానికి కారణం లక్ష్యం అంకె. యాప్‌లో ముందే పెట్టి ఉన్నది 4700 మిల్లీగ్రాములు. అది అమెరికా లేబుల్ మీద వాడే అంకె. అక్కడి నేషనల్ అకాడమీస్ అనే శాస్త్ర సంస్థ 2019లో పెద్దవాళ్ళకి పెట్టిన మేర మగవాళ్ళకి 3400, ఆడవాళ్ళకి 2600. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కనీసం 3510. ఒకే పళ్ళేన్ని ఒక అంకెతో కొలిస్తే ఎరుపు, ఇంకో అంకెతో కొలిస్తే ఆకుపచ్చ. సెట్టింగుల్లోకి వెళ్ళి మార్చుకోవచ్చు. ఆ మీట ఎక్కడో మూడో మెనూలో దాచారు.

పైగా ఈ సిఫారసు అంకెల్లో చాలావాటికి ఒక స్వభావం ఉంది. ఆర్‌డీఏ, అంటే ఏ పోషకం రోజుకి ఎంత కావాలో సిఫారసు చేసే పద్ధతి, అమెరికాలో 1941లో మొదలైంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో 97, 98 శాతం మందికి సరిపోయేలా ఆ అంకెను ఎత్తుగా పెడతారు. అంటే చాలామందికి అంతకంటే తక్కువే చాలు. ఒకరోజు 80 శాతం దగ్గర ఆగిన గీతను చూసి ఒంట్లో కొరత ఉందనుకోవడం, నెల మధ్యలో బ్యాంకు నిల్వ చూసి దివాలా ప్రకటించడమే.

ఇక మించిందనే హెచ్చరికలు. ఇందులో మెగ్నీషియంది నిజంగా ముచ్చటైన కథ. నా వయసు మగవాడికి రోజుకి 420 మిల్లీగ్రాములు కావాలని ఈ యాపే చెబుతుంది. అదే యాప్ 350 దాటగానే పరిమితి మించారని ముదురు ఎరుపు చూపిస్తుంది! ఇందులో ఏ ఆజ్ఞ పాటించాలి? నిజానికి రెండు అంకెలూ సరైనవే. 350 అనే పరిమితి మాత్రలు, పొడుల రూపంలో తీసుకునే మెగ్నీషియంకి మాత్రమే, తిండి నుంచి వచ్చేదానికి వర్తించదు. మాత్రల్లో ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి కాబట్టి ఆ గీత గీశారు. యాప్ తయారుచేసినవాళ్ళు అంకె తీసుకుని దాని కింది గమనిక వదిలేశారు. బాలెన్స్ షీటు తీసుకుని నోట్సు పారేసినట్టే. దాంతో గుప్పెడు గుమ్మడి గింజలు, గుప్పెడు బాదం తిన్నవాడు నేరస్థుడయ్యాడు.

విటమిన్ ఎ కూడా ఇదే కోవ. 3000 మైక్రోగ్రాముల పరిమితి రెటినాల్ రూపానిది, అంటే జంతువుల లివర్‌లోనూ కొన్ని మాత్రల్లోనూ ఉండేది. క్యారెట్లో ఉండే బీటా కెరోటిన్‌కి ఆ పరిమితి లేదు. మరీ ఎక్కువ తింటే చర్మం కాస్త పసుపెక్కుతుంది, మానేస్తే పోతుంది. నా యాప్ రెంటినీ ఒకే ఖాతాలో వేసి క్యారెట్ జ్యూస్ మీద విరుచుకుపడుతుంది. గుడ్ల సంగతి చెప్పక్కర్లేదు. ఒక పెద్ద గుడ్డులో కొలెస్ట్రాల్ 186 మిల్లీగ్రాములు, యాప్ హద్దు 300, రెండో గుడ్డుకి ఎరుపు. ఆ 300 హద్దుని అమెరికా ఆహార మార్గదర్శకాల్లోంచి 2015లోనే తీసేశారు, లేబుల్ లెక్కలో మాత్రం మిగిలిపోయింది. కొలెస్ట్రాల్ గీత కట్టేసి సంతృప్త కొవ్వు గీత చూసుకుంటున్నాను. చక్కెర గీత కూడా అంతే. పాలలోదీ పండులోదీ కలిపేస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తగ్గించమన్నది కలిపిన చక్కెర, తేనె, పండ్లరసం లాంటివాటిని. కొరికి తినే పండుని కాదు.

ఎర్ర గీతల్ని ఇంతలా తిట్టాను కానీ, నన్ను నిజంగా భయపెట్టేది ఆకుపచ్చ గీత. సోడియం చూడండి. ఇంట్లో వండేటప్పుడు ఉప్పు ఎవరు తూచి వేస్తారు? చిటికెడు, ఇంకో చిటికెడు, రుచి చూసి మరికాస్త. అందులో ఏదీ యాప్‌లోకి ఎక్కదు. ఉప్పు బరువులో 40 శాతం సోడియం. రోజంతటికీ 2000 మిల్లీగ్రాముల సోడియం చాలంటుంది ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంటే 5 గ్రాముల ఉప్పు, చెంచాడు కూడా కాదు. కూరలో పడిన ఉప్పు పద్దులో లేకుండా వచ్చే ఆకుపచ్చకి విలువేముంది? అదే సోడియం గీత ఎర్రబడితే మాత్రం నమ్ముతాను. ఎక్కాల్సిన ఉప్పు ఎక్కకుండానే హద్దు దాటిందంటే అసలు లెక్క ఇంకా ఎక్కువే ఉంటుంది. ఒక్క జాగ్రత్త. యూరప్ ప్యాకెట్ మీద రాసేది ఉప్పు, సోడియం కాదు. ఎవరో మహానుభావుడు ఉప్పు అంకెను సోడియం గడిలో ఎక్కించి ఉంటే రెండున్నర రెట్లు కనిపిస్తుంది. అలాంటి ఎంట్రీలు నాకు తగిలాయి.

రోజువారీ గీతలతో ఇంకో చిక్కుంది. బి12 రోజుకి కావాల్సింది 2.4 మైక్రోగ్రాములు. లివర్‌లో దాని నిల్వ ఏళ్ళకి సరిపడా ఉంటుంది. ఒకరోజు ఎర్రబడితే ఏమీ కాదు. పాలూ గుడ్లూ కూడా ముట్టనివాళ్ళకి, మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడేవాళ్ళకి నెలల తరబడి అదే ఎరుపు కనిపిస్తుంటే అది వేరే సంగతి, పరీక్ష చేయించుకోవాలి. విటమిన్ డి అయితే తిండిలో దొరికేది తక్కువ, చర్మం ఎండలో తయారుచేసుకుంటుంది. నేను ఎండలో తిరిగానో, ఏసీ గదిలో కూర్చున్నానో యాప్‌కి ఏం తెలుసు? దాని తీర్పు రక్తపరీక్షకే వదిలేయాలి.

మరి పట్టించుకునేవి లేవా అంటే ఉన్నాయి, నేను వెంటనే ఆగి చూసేవి.

మాత్రల నుంచి వచ్చే మోతాదు. మా ఆఫీసులో ఒకాయన మల్టీవిటమిన్, నరాల మాత్ర, వ్యాయామం ముందు తాగే పొడి, మూడూ వాడేవాడు. మూడింటిలోనూ బి6 ఉంది. యాప్‌లో ఎక్కిస్తే గీత పేజీ దాటిపోయింది. ఇది అబద్ధపు హెచ్చరిక కాదు. బి6 ఎక్కువ కాలం ఎక్కువగా పడితే నరాలే దెబ్బతింటాయి. అమెరికాలో దాని పరిమితి 100 మిల్లీగ్రాములు, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో తన పరిమితిని 12కి దించింది. జింక్ కూడా అలాంటిదే, 40 మిల్లీగ్రాములు దాటి రోజూ పడితే రాగి తగ్గిపోతుంది. తిండి నుంచి మించిందా, డబ్బా నుంచి మించిందా అన్నదే నేను ముందు చూసేది. డబ్బా నుంచి అయితే ఊరుకోను, డాక్టర్‌కి చూపించమంటాను. ఆయనా చూపించాడు, రెండు డబ్బాలు మానేశాడు.

పీచు. ఇది చాలామందికి నిజంగానే తక్కువ. నా ఎంట్రీల్లో పీచు గడి ఖాళీగా ఉండడం అరుదు, అందుకే ఆ ఎరుపుని నమ్మి పప్పులూ కూరగాయలూ పెంచాను.

మరీ తక్కువ తిన్నారని వచ్చే హెచ్చరిక. రోజు ముగించబోతే ఇంత తక్కువ క్యాలరీలు మంచిది కాదని అడ్డుపడుతుంది. అది చాదస్తం కాదు. ఆ హెచ్చరికను విజయంగా తీసుకునే మనస్తత్వం ఉన్నవాళ్ళు, తిండితో ఇదివరకు ఇబ్బంది పడినవాళ్ళు అసలు ఈ యాప్ జోలికే పోకపోతే మేలు.

ఇనుము గురించి మా అమ్మాయి సంగతి చెప్పాలి. లక్ష్యం నాకు 8 మిల్లీగ్రాములు, తనకి 18. నేను తినేదే తనూ తింటుంది, నా గీత పచ్చగా ఉంటే తనది ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. మొక్కల నుంచి వచ్చే ఇనుము ఒంటికి పట్టేది తక్కువ, భోజనంతోపాటు టీ తాగితే ఇంకా తక్కువ, నిమ్మరసం లాంటిది కలిస్తే ఎక్కువ. ఇవేవీ యాప్ లెక్కలో లేవు. తనకి నీరసం కూడా ఉండడంతో ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్ పరీక్ష చేయించాం, తక్కువే వచ్చింది. డాక్టర్ చూసి మందు రాశారు. పరీక్ష లేకుండా ఇనుము మాత్రలు మింగమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. ఎక్కువైనా ప్రమాదమే.

కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళు పైన నేను పొటాషియం గురించి రాసింది తమకి కాదనుకోవాలి. వాళ్ళకి పొటాషియం పెరగడమే అపాయం. సోడియం తగ్గించడానికని అమ్మే ప్రత్యామ్నాయ ఉప్పుల్లో చాలావాటిలో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ వాడేవాళ్ళకి విటమిన్ కె తక్కువా ఎక్కువా కాదు, రోజూ ఒకే తీరుగా ఉండడం ముఖ్యం. ఏ గీతా అది చెప్పదు. వీళ్ళ లక్ష్యాలు డాక్టరో డైటీషియనో పెట్టాలి.

ఇప్పుడు నా ఫోన్‌లో పోషకాల నోటిఫికేషన్లన్నీ కట్టేశాను. సోడియం, పీచు, సంతృప్త కొవ్వు, ప్రొటీన్ గీతలు మాత్రం ముందు పేజీలో పెట్టుకున్నాను. వాటినైనా రోజువారీ కాదు, వారం సగటు చూస్తాను. ఐదుకి మూడు నక్షత్రాలు ఇస్తున్నాను. ఖాళీ గడిని ఖాళీగానే చూపించండి, ఎన్ని పదార్థాలకి లెక్క లేదో గీత పక్కన రాయండి, మెగ్నీషియం పరిమితి సరిచేయండి అని యాప్ వాళ్ళకి రాశాను. మీ సూచన సంబంధిత విభాగానికి పంపామని జవాబొచ్చింది. తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో గీతల రంగులు మార్చారు.