బడిని బండిలో వేసుకుని తిరిగేవాళ్లకు: ఏ బస, ఏ చోటు, ఏ యాప్

బస ఎంచుకునేటప్పుడు అందరూ కిటికీలోంచి కనిపించే కొండను చూస్తారు. పిల్లల్ని బడికి పంపకుండా వెంట తిప్పుతూ తామే చదివించేవాళ్లు ముందు చూడాల్సింది బల్ల. ఇద్దరు పిల్లలు మోచేతులు తగలకుండా రాసుకునేంత బల్ల, దాని మీద పగటి వెలుగు, పక్కన ప్లగ్ పాయింటు ఉంటే మిగతావాటికి సర్దుకుపోవచ్చు. బుక్ చేసేముందు బల్ల ఫొటో పంపమనండి. మోకాలెత్తు టీపాయ్ ఫొటో వస్తే ఆ ఇల్లు వదిలేయడమే మేలు.

ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. మొదటి రోజు సామాను విప్పడానికి, చివరి రోజు సర్దడానికి పోతాయి. మూడు రోజుల మజిలీలో చదువుకు మిగిలేది ఒక్క రోజే. వారానికి తక్కువైతే దాన్ని విహారంగానే లెక్కేసుకుని పుస్తకాలు తీయకపోవడం మంచిది.

క్యాంపర్ వ్యాన్ మీద ఆశలు ఎక్కువ. చాలా వ్యాన్లలో రాత్రి పడకే పగలు బల్ల. ఒక్కరు ఆలస్యంగా లేచినా ఆ రోజు బల్ల లేనట్టే. కదిలే బండిలో చదివిస్తే చాలామందికి కడుపులో తిప్పుతుంది: లోపలి చెవికి కదలిక తెలుస్తుంది, పేజీ మీదున్న కంటికి తెలియదు. ప్రయాణంలో ఆడియో పాఠాలు, నోటిలెక్కలు మాత్రమే పెట్టుకోండి. టెంటులో చిక్కు వేరు. రాత్రి తేమకు కాగితం మెత్తబడుతుంది, జెల్ పెన్ను సిరా పాకుతుంది. పెన్సిలు, జిప్ సంచి చాలు. అద్దె ఇంట్లో రాత బాగా సాగుతుంది గానీ పిల్లలు గడప దాటరు. అన్నిటికన్నా బాగా కుదిరేది జంట పద్ధతి: నాలుగైదు రాత్రులు టెంటులో ఉండి కొలతలు, బొమ్మలు, నమూనాలు పోగేయడం, తర్వాత వారం రోజులు ఇంట్లో కూర్చుని వాటిని రాయడం.

చోట్లలో మొదటి ఓటు సముద్రతీరానికే. చాలా తీరాల్లో ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందుకే పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. నీటి అంచున అరగంటకో పుల్ల పాతించి, మూడు రోజులు గ్రాఫు గీయిస్తే చంద్రుడి సంగతి పిల్లలే అడుగుతారు. పోటుపాట్ల పట్టిక దగ్గరి రేవుదే తీసుకోండి. పక్క అఖాతంలో సమయం తేడాగా ఉండొచ్చు. రాళ్ల గుంటల్లో జీవుల్ని చూడాలంటే నీళ్లు పూర్తిగా తగ్గడానికి గంట ముందు దిగి, నీరు తిరగ్గానే ఒడ్డెక్కాలి. ఎత్తిన రాయిని ఎత్తినట్టే బోర్లించాలి, లేకపోతే దాని అడుగునున్నవి ఎండకు చస్తాయి. కెనడాలోని ఫండీ అఖాతం కొసన పోటుకూ పాటుకూ తేడా 16 మీటర్ల దాకా ఉంటుంది. అక్కడ నీరు తిరగ్గానే ఒడ్డెక్కాలన్న జాగ్రత్త ఇంకా గట్టిగా పాటించాలి.

చీకటి ఆకాశం రెండోది. కోణమానినికి దారం, దారానికి చిన్న బరువు కట్టి, దాని తిన్నని అంచు వెంట ధ్రువ నక్షత్రాన్ని చూడాలి. దారం పడిన అంకెను 90 నుంచి తీసేస్తే నక్షత్రం ఎత్తు డిగ్రీల్లో వస్తుంది. అదే దాదాపు మీరున్న అక్షాంశం. తీసేయడం మరిచిపోతే ఊరు ఇంకెక్కడో తేలుతుంది, పిల్లలకు అదీ సరదాయే. ఉత్తర దక్షిణాలుగా అయిదు డిగ్రీలు ప్రయాణించాక మళ్లీ కొలిపించండి. ఒక్కో డిగ్రీకి దాదాపు 111 కిలోమీటర్లు, దాన్ని 360తో గుణిస్తే భూమి చుట్టుకొలత. భూమధ్యరేఖ దాటితే ఈ పాఠం చెల్లదు. అమావాస్య దగ్గర రోజులు చూసుకోండి. కళ్లు చీకటికి అలవాటుపడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, ఎవరో ఫోను తీస్తే మళ్లీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టాలి.

కొండలు పరవాలేదు: వెయ్యి మీటర్లకు సగటున 6.5 డిగ్రీలు తగ్గే ఉష్ణోగ్రతను థర్మామీటరుతో చూపించవచ్చు. 2,500 మీటర్లు దాటితే మొదటి రెండు రోజులు పుస్తకం ముట్టవద్దు. తలనొప్పి, ఆకలి మందగించడం బద్ధకంలా కనిపిస్తాయి. గుహలు ఒక పూటకే.

సేవల్లో లైవ్ ఆన్‌లైన్ క్లాసులు ప్రయాణానికి అసలు కుదరవు. టైమ్ జోన్ మారితే పాఠం అర్ధరాత్రికి పడుతుంది, నెట్ ఆగితే అంతే. రికార్డు పాఠాలు ముందే దించుకోండి. కివిక్స్ అనే యాప్‌తో వికీపీడియా నెట్ లేకుండా చదవొచ్చు. పక్షుల్ని గుర్తించే మెర్లిన్ యాప్‌లో ఆ ప్రాంతపు పక్షుల ప్యాక్ దించుకుంటే కూతను అడవిలోనే గుర్తుపడుతుంది. అమెరికా జాతీయ పార్కుల్లో జూనియర్ రేంజర్ పుస్తకం పూర్తి చేస్తే రేంజరు బ్యాడ్జి ఇస్తారు. సందర్శకుల కేంద్రం మూసేవేళకు వెళ్తే తొందరగా తేల్చేస్తారు, పొద్దున్నే వెళ్లండి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు అంటే సుమారు 74 వాట్ అవర్లు. విమానాల్లో మామూలుగా ఉండే 100 పరిమితిలోపే గానీ చేతిసంచిలోనే పెట్టాలి.

నెలల తరబడి ఒకే దేశంలో ఉండాలనుకుంటే చట్టం ముందు చూడండి. జర్మనీలో నివాసం ఉండేవాళ్లకు బడికి పంపడం తప్పనిసరి, ఇంటి చదువుకు దాదాపు చోటే లేదు. స్వీడన్‌లో అసాధారణ పరిస్థితుల్లోనే ఒప్పుకుంటారు. ఫ్రాన్స్‌లో 2022 నుంచి ముందస్తు అనుమతి కావాలి. షెంగెన్ ప్రాంతంలో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల్లో, స్వల్పకాలిక వీసా మీద తిరిగితే ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులే. పిల్లల పనికి తేదీ వేసి, వారానికోసారి ఫొటో తీసి రెండు చోట్ల దాచండి. తిరిగి బడిలో చేర్చేటప్పుడు ఏం చదివారని అడిగితే చూపించడానికి ఉండేవి అవే.