డార్విన్ పండుగప్ప ప్యాకేజీకి పైసలు కట్టబోతున్నరా? జర ఆగండి

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్‌లల్ల గాలం పిచ్చి ఉన్న దోస్తులందరికీ చెప్తున్న. "ఆస్ట్రేలియా అడవి నదిలో పండుగప్ప వేట" అని ఒక కరపత్రం వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నది. ఈ జులైలో మేం నలుగురం ఆ ప్యాకేజీ మీదనే ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న డార్విన్ పట్నం పోయి వచ్చినం. మనిషికి 2 లక్షల 80 వేలు. ఫిర్యాదు నడుస్తున్నది కాబట్టి ఏజెంటు పేరు ఇక్కడ రాస్తలేను. కరపత్రం చూస్తే గుర్తుపడ్తరు. నడుముల్లోతు నీళ్లలో నిలబడి మీటరు పొడుగు చేపను ఎత్తిపట్టిన మనిషి ఫొటో ఉంటది.

ముందు ఆ ఫొటో సంగతే చెప్త. డార్విన్ చుట్టుపక్కల నదుల్లో, మడుగుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటయి. పేరుకే ఉప్పునీటివి, మంచినీళ్లలోకి ఎంతో దూరం ఎక్కి వస్తయి. డార్విన్ ఉన్న రాష్ట్రం లాంటి ప్రాంతం, నార్తర్న్ టెరిటరీలో 1971 నుంచి వాటిని చంపుడు బంద్ చేసిండ్రు, అప్పటినుంచి బాగ పెరిగినయి. అక్కడ తెలిసినోడెవడూ నీళ్లలో దిగి గాలం వెయ్యడు. పడవ అంచు మీద చెయ్యి పెడితేనే మా గైడు గదమాయించిండు. అసుంటి చోటికి జనాన్ని పంపే మనిషి ఈ ఫొటో అచ్చేసిండంటే, ఆ నీళ్ల గురించి ఆయనకు ఎంత తెలుసో మీరే లెక్కేసుకోండి. పిల్లలను తీసుకపోయేటోళ్లు ఈ ఒక్కటన్నా యాదిపెట్టుకోండి.

ఇగ పైసల ముచ్చట. బిల్లులో "ఫిషింగ్ లైసెన్స్" అని మనిషికి 9,500 రాసిండు. మొదటి రోజు పడవ ఎక్కంగనే మా శీనన్న ఆ లైసెన్స్ కాగితం ఏదని గైడును అడిగిండు. ఆయన నవ్విండు. నార్తర్న్ టెరిటరీలో సరదాకు గాలం వేసేటోళ్లకు లైసెన్సే అక్కర్లేదట. పడవ మీద జనాన్ని వేటకు తిప్పే సంస్థకే లైసెన్స్ ఉండాలె. రాత్రి హోటల్లో అక్కడి ప్రభుత్వ వెబ్‌సైట్ తీసి చూసినం, అదే రాసి ఉన్నది. ఏజెంటుకు ఫోన్ చేస్తే మనోడు "అన్నా, ఆస్ట్రేలియా మొత్తం లైసెన్సు ఉంటదన్నా" అన్నడు. ఉంటది, విక్టోరియాలో, న్యూ సౌత్ వేల్స్‌లో. అక్కడ కూడా రెండు మూడు రోజుల దానికి కొద్ది డాలర్లే, 9,500 కాదు. లేని కాగితానికి నలుగురి దగ్గర 38 వేలు గుంజిండు.

నెల విషయంలో కూడా ఇట్లనే. "జులైలో వాతావరణం సూపర్ అన్నా, వాన పడదు" అని చెప్పిండు. అది నిజమే. టూరిస్టులకు అదే సీజన్, కానీ చేపకు కాదు. పండుగప్ప వెచ్చటి నీళ్ల చేప. అక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా నీళ్లు చల్లబడి అది మందగిస్తది, ఎరకు సులువుగా రాదు. మంచి వేట అంటే వానలు వెనుకపట్టే మార్చి నుంచి మే దాకా. వరదకు మునిగిన మైదానాల నుంచి నీళ్లు చిన్న చిన్న వాగులుగా నదిలోకి దిగుతుంటయి. ఆ బురదనీళ్లు నది నీళ్లతో కలిసే మూల మీద, కొట్టుకొచ్చే చిన్న చేపల కోసం పెద్దవి కాచుకొని ఉంటయి. మత్తడి దుంకుతుంటే మనోళ్లు వలలు పట్టుకొని ఉరికినట్టు, ఆ రోజులకు అక్కడి జనం పడవలు కట్టుకొని బయలుదేరుతరు. మళ్లా అక్టోబర్, నవంబర్ ఉక్కపోతలో ఒక ఊపు వస్తది. ఇది అక్కడ చిన్న పిలగాడిని అడిగినా చెప్తడు.

కరపత్రంలో "పది లక్షల డాలర్ల చేప మీదే కావచ్చు" అని ఇంకో లైను ఉన్నది. 2015 నుంచి అసుంటి పోటీ ఒకటి నిజంగనే నడుస్తున్నది. ట్యాగు కట్టిన చేపలను నీళ్లలో వదిలి, పట్టినోళ్లకు బహుమతి ఇస్తరు. కాకపోతే అది అక్టోబర్‌లో మొదలై మార్చితో ముగుస్తది. జులై బ్యాచ్‌కు దాన్ని చూపెట్టుడు ఏంది?

అన్నిటికంటే పెద్ద మోసం చెరువు. "అడవి నది" అని తీసుకపోయి ఎక్కువ పూటలు మమ్మల్ని ఊరి పక్కన పండుగప్పలు పెంచే చెరువు మీద కూసోబెట్టిండ్రు. దాణాకు అలవాటు పడ్డ చేపలు, ఎర పడంగనే వస్తయి. పట్టి వదిలెయ్యాలె. ఆ చెరువోళ్లను నేను తప్పు పట్ట. వాళ్ల బోర్డు మీద చెరువు అనే ఉన్నది, టికెట్టు ధర కూడా రాసే ఉన్నది, పిల్లలకైతే మస్తు సరదా. కానీ చెరువులో పెంచిన పండుగప్పే కావాలంటే మనకు కైకలూరు దిక్కు లేవా? ధర్మసాగర్‌లో, పాకాలలో కొర్రమట్ట కోసం పొద్దంతా బెండు మీద కన్నేసి కూసునేటోళ్లం మేము. చేప దొరకకున్నా నదే కావాలన్నం, నదికే పైసలు కట్టినం.

ఆఖరికి గొడవ పెట్టుకుంటే ఒక్క పూట కొరోబరీ బిల్లబాంగ్ మీద పడవ దొరికింది. మేరీ నది మైదానాల్లో ఉన్న మడుగు అది. తామరాకులు, తెల్ల కొంగలు, దుంగల్లెక్క పడుకున్న మొసళ్లు. ప్రైవేటు పడవ అని రాసిచ్చిండు, ఎక్కి చూస్తే తెలియని ఇంకో కుటుంబం కూసోని ఉన్నది. సరే అనుకున్నం. గైడు చెప్పినట్టు రెక్కల ఎరను తామరాకుల అంచుకు విసిరి, రెండు గుంజుళ్లు గుంజి ఆపిన. "బుఫ్" అని చప్పుడు. పండుగప్ప కొరకదు, నోరు తెరిచి నీళ్లతో సహా ఎరను గుటుక్కున పీల్చుకుంటది, ఆ చప్పుడే అది. మరు నిమిషంలో వెండి లెక్క మెరుసుకుంట నీళ్ల మీదికి ఎగిరి తలకాయ విదిలించింది. దారం వదులైతే ఆ విదిలింపుకే గాలం ఊడిపోతదని గైడు ఒకటే అరుపులు. మొప్పల అంచు బ్లేడులెక్క కోస్తదట, అందుకే పెదవి దగ్గర పటకారుతో పట్టిండు. కొలిస్తే 55 సెంటీమీటర్లకు కొద్దిగ తక్కువ. అంతకంటే చిన్నది అక్కడ ఉంచుకోవద్దు, చట్టం. వదిలేసినం. మొదటి పండుగప్ప, చేతులు ఇంకా వణుకుతున్నయి. ఆ పూట గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. "పట్టిన చేప రోజూ మీకే వండి పెడ్తం" అని కరపత్రంలో రాసినోని మీదనే ఫిర్యాదు.

వచ్చినంక పైసల కోసం పోతే "చేప పడుతదని గ్యారంటీ ఎవడిస్తడన్నా?" అని మొదలు పెట్టిండు. మేం చేప గురించి అడుగుతలేం. నది అని చెప్పి చెరువుకు తోలుడు, లేని లైసెన్సు, పంచుకున్న పడవ, వీటికి జవాబు చెప్పుమన్నం. ఇంకోటి, టీసీఎస్ (ప్యాకేజీ అమ్మేటోడే ముందుగ పట్టుకొని సర్కారుకు కట్టే పన్ను) అని కూడా పైసలు పట్టిండు. విదేశీ ప్యాకేజీ మీద పట్టే టీసీఎస్ మన పాన్ మీద జమ కావాలె, తర్వాత ఆదాయపు పన్నులో సర్దుకోవచ్చు. మాలో ఇద్దరి 26ఏఎస్‌లో (పాన్ మీద జమైన పన్ను చూపెట్టే ఆదాయపు పన్ను పత్రం) అది ఇప్పటికీ కనబడుతలేదు. ఇదివరకు ఈయన దగ్గర పోయినోళ్లు మీవి కూడా తీసి చూసుకోండి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు రాయించినం. ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోతున్నం. కట్టిన పైసలు 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, ఉన్న ఊర్లోనే కేసు వేసుకోవచ్చు, రెండేండ్ల లోపు వెయ్యాలె. కరపత్రం, బిల్లు, చాటింగు అన్నీ దాచిపెట్టుకోండి. మాతోని మాట్లాడిన మెసేజులు మనోడు సగం డిలీట్ చేసిండు. స్క్రీన్‌షాట్లు ఉండబట్టి బతికిపోయినం.

ఇప్పుడు ఈ పోస్టు ఎందుకంటే, ఆయన సంక్రాంతి సెలవుల బ్యాచ్ మొదలుపెట్టిండు, అడ్వాన్సు 50 వేలట. జనవరి అంటే డార్విన్‌లో నడి వానకాలం. తుఫాన్లు వస్తయి, వరదకు రోడ్లు మూతపడ్తయి, మేరీ నది దిక్కు పోను వీలుంటదో లేదో ఆ రోజుదాకా తెల్వదు. అడ్వాన్సు అడిగితే పడవ సంస్థ పేరు, ఏ నీళ్ల మీదికి తీసుకపోతరో, పడవలో ఎంతమంది, రోడ్డు మూస్తే పైసలు వాపస్ ఎంత, ఇవన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇయ్యుమనండి. ఆ పడవ సంస్థకు మీరే ఒక మెయిల్ పెట్టి మీ పేర్ల మీద బుకింగ్ ఉన్నదో లేదో అడగండి. ఇప్పటికే కట్టినోళ్లు ఉంటే కింద రాయండి, మా కేసు కాగితాలు పంపిస్త.