టోక్యోలో పాస్ కన్నా ముందు మెట్లు లెక్కపెట్టుకోవాలి

హైదరాబాద్ నుంచి టోక్యోకి నేరుగా విమానం లేదు. సింగపూర్‌లో దిగి, అర్ధరాత్రి ఇంకోటి ఎక్కి, నరితా విమానాశ్రయంలో బయటపడేసరికి పొద్దున్న ఎనిమిదిన్నర. మేం నలుగురం: నేను, మావారు, ఎనిమిదేళ్ల మా అబ్బాయి, మోకాళ్ల నొప్పులున్న మా అత్తయ్య. మాకు తోడు మూడు పెద్ద పెట్టెలు, గోంగూర పచ్చడి ఉన్న చేతిసంచి ఒకటి. ఆ సంచిని అత్తయ్య ఎవరి చేతికీ ఇవ్వలేదు.

బయల్దేరే ముందు రెండు నెలలు నేను రైలు పాసుల గురించే చదివాను. ఎక్సెల్‌లో పట్టిక కూడా వేశాను. మా ఆడపడుచు అక్కడే నిషి కసాయ్‌లో ఉంటుంది. నా పట్టిక చూసి ఫోన్‌లో ఒకటే అడిగింది: "వదినా, ఇదంతా సరే, హోటల్ ఏ స్టేషన్ దగ్గర తీసుకున్నావు? అక్కడ లిఫ్ట్ ఏ గేటు దగ్గరుందో చూశావా?" నా పట్టికలో ఆ గడే లేదు. ప్రయాణమంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

జపాన్ అనగానే అందరూ చెప్పే మొదటి మాట జేఆర్ పాస్, అంటే జపాన్ రైల్వే (జేఆర్) రైళ్లలో కొన్ని రోజులపాటు తిరిగే టికెట్. ఒకప్పుడు అది మంచి సలహానే. 2023 అక్టోబర్‌లో ఏడు రోజుల పాస్ ధర 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50,000 చేశారు. మేం వెళ్లింది 2024 ఏప్రిల్‌లో. నేను చెప్పే ధరలన్నీ అప్పటివే. వంద యెన్లంటే అప్పుడు దాదాపు 55 రూపాయలు. మా ప్రణాళికలో దూరప్రయాణం క్యోటో ఒక్కటే. షింకాన్‌సెన్‌లో, అంటే బుల్లెట్ రైల్లో, రానుపోను మనిషికి 28,000 యెన్లు. అంటే పాస్ కొంటే మనిషికి 22,000, సగం టికెట్ పిల్లాడికి 11,000, మొత్తం 77,000 యెన్లు నష్టం. మన డబ్బుల్లో నలభై రెండు వేలు! హిరోషిమా దాకా వెళ్లి వచ్చినా ఛార్జీ 40,000 లోపే అవుతుంది. పైగా అన్నిటికన్నా వేగంగా వెళ్లే నోజోమి రైలు ఎక్కాలంటే పాస్ ఉన్నవాళ్లు అదనంగా కట్టాలి. ఇంకా పాత వీడియోలు చూసి ఈ పాస్ కొంటున్నవాళ్లు ఉన్నారంటే నాకు బాధేస్తుంది.

ఇక నరితా నుంచి ఊళ్లోకి. ఈ విమానాశ్రయం టోక్యోలో లేదు, పక్కనున్న చిబా రాష్ట్రంలో ఉంది. నగరం నడిబొడ్డుకు అరవై కిలోమీటర్ల పైమాటే. టాక్సీ అంటే ఇరవై వేల యెన్లు దాటుతుంది, ఆ ఊసే వద్దు. మా హోటల్ అసకుసాలో. ముచ్చటగా ఉండే దారి స్కైలైనర్ రైలు. గంటకు 160 కిలోమీటర్ల వేగం, నిప్పొరి స్టేషన్‌కి 36 నిమిషాలు, ఆ తర్వాతది ఉయెనో. టికెట్ 2,500 పైచిలుకు. పెట్టెలకు చోటు, రిజర్వు సీటు, అన్నీ ఉన్నాయి. కానీ ఉయెనోలో దిగి, పెట్టెలతో మెట్రో స్టేషన్‌కి నడిచి, గింజా లైను ఎక్కాలి. గింజా లైను 1927లో మొదలైంది. ఆసియాలో నేల కింద నడిచిన మొదటి మెట్రో ఇదేనంటారు. ఆ వయసు స్టేషన్లలో తెలుస్తుంది, చాలాచోట్ల పైకప్పు తక్కువ, దారులు ఇరుకు.

అందుకని మేం యాక్సెస్ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. అదే కంపెనీ రైలు, అదే పట్టాలు. వేగం తక్కువ, రిజర్వేషన్ ఉండదు, సుమారు నలభై నిమిషాలకొకటి. కానీ అది తోఎయ్ (టోక్యో నగర ప్రభుత్వం నడిపే మెట్రో) వాళ్ల అసకుసా లైనులోకి నేరుగా దూరిపోతుంది. ఎక్కిన రైలు దిగకుండా గంటలో అసకుసా. ఛార్జీ 1,300 నుంచి 1,400 మధ్య. స్కైలైనర్‌తో పోలిస్తే మా నలుగురికీ కలిపి నాలుగు వేల యెన్లు మిగిలాయి. డబ్బు కన్నా ముఖ్యం, మధ్యలో దిగి ఎక్కే పని లేదు. పొద్దున్న కాబట్టి దారిలో ఆఫీసు జనం ఎక్కారు, పెట్టెలు మోకాళ్ల మధ్య పెట్టుకుని ముడుచుకుని కూర్చున్నాం. అది ఒప్పుకోవాల్సిన లోటే.

హోటల్ షింజుకు, షిబుయా, షినగావా వైపు అయితే ఈ లెక్క తిరగబడుతుంది. అప్పుడు నరితా ఎక్స్‌ప్రెస్ నయం. టోక్యో స్టేషన్‌కి 3,070, షింజుకుకి 3,250. విదేశీయులకు రానుపోను టికెట్ 5,000కే ఇచ్చేవారు, పద్నాలుగు రోజుల్లోపు తిరిగి రావాలి. టోక్యో స్టేషన్ దగ్గర దిగేవాళ్లకు 1,500 యెన్ల బస్సు ఉంది. చిన్న బ్యాగులతో వచ్చే కుర్రాళ్లకు అది చాలు. ఇక టోక్యో రెండో విమానాశ్రయం హనెడాలో దిగే టికెట్ మూడు నాలుగు వేల రూపాయలు ఎక్కువైనా తీసుకోమని నా సలహా. అది ఊళ్లోనే ఉంది. అసకుసాకి నేరుగా రైలు, నలభై నిమిషాలు, 500 యెన్ల చిల్లర. ఒక్కటే జాగ్రత్త: అర్ధరాత్రి దాటాక దిగితే రైళ్లుండవు.

అసకుసాలో దిగాక నా తెలివి బయటపడింది. ఆ పేరుతో స్టేషన్ ఒకటి కాదు. గింజా లైనుది, తోఎయ్‌ది, తోబు రైల్వేది దగ్గరదగ్గరగా ఉంటాయి. త్సుకుబా ఎక్స్‌ప్రెస్ వాళ్ల అసకుసా మాత్రం అర కిలోమీటరు పైన దూరం. అవి చాలవన్నట్టు అసకుసాబాషి అని ఇంకో స్టేషన్, ఊరికి ఇంకో పక్కన అకసకా. టాక్సీ డ్రైవరుకు పేరు నోటితో చెప్పకుండా చూపించాలని అందుకే అంటారు. స్టేషన్ సరిగ్గానే దిగాం కానీ, మ్యాప్ చూపించిన దగ్గరి గేటు వైపు వెళ్లాం. ఎదురుగా నిటారుగా మెట్లు. ఎస్కలేటర్ లేదు. మావారు ఒక్కో పెట్టె మోసుకుని మూడుసార్లు ఎక్కి దిగారు. అత్తయ్య రైలింగ్ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కుతూ, "శ్రీశైలం పాతాళగంగ మెట్లు గుర్తొస్తున్నాయే" అంది. పైకొచ్చాక రోడ్డుకి అవతల కనిపించింది లిఫ్ట్.

టోక్యోలో దాదాపు ప్రతి స్టేషన్‌కీ లిఫ్ట్ ఉంది. కానీ చాలాచోట్ల ఒకే గేటుకి ఉంటుంది, అది మనకు దగ్గరి గేటు కాకపోవచ్చు. ప్లాట్‌ఫామ్ మీది పసుపు బోర్డులో గేట్ల నంబర్ల పక్కన లిఫ్ట్ గుర్తు వేసి ఉంటుంది, ముందు దాన్ని వెతకాలి. గూగుల్ మ్యాప్‌లో వీల్‌చైర్ దారి అని ఒక ఎంపిక ఉంది. మర్నాటి నుంచి దాన్ని ఆపనేలేదు.

నగరంలో తిరగడానికి నేను గట్టిగా సిఫారసు చేసే పాస్ ఒకటే, టోక్యో సబ్‌వే టికెట్. అప్పట్లో 24 గంటలకు 800, 48కి 1,200, 72కి 1,500 యెన్లు, పిల్లలకు సగం. టోక్యో మెట్రో తొమ్మిది లైన్లు, తోఎయ్ నాలుగు లైన్లు, మొత్తం పదమూడు. మెట్రోలో కనీస ఛార్జీ 180 కాబట్టి మూడు రోజుల్లో తొమ్మిదిసార్లు ఎక్కితే డబ్బు తిరిగొచ్చినట్టే. మేం పద్నాలుగుసార్లు ఎక్కాం. ఇంకో మంచి సంగతి, ఇది తేదీ లెక్క కాదు, గంటల లెక్క. మధ్యాహ్నం పన్నెండుకి మొదటిసారి గేటులో పెడితే మూడు రోజుల తర్వాత మధ్యాహ్నం పన్నెండు దాకా నడుస్తుంది. అందుకే దిగిన రోజు పొద్దున్నే మొదలుపెట్టలేదు. అత్తయ్య నిద్రపోయి లేచాక, సాయంత్రం మొదలుపెట్టాం.

దీనితో ఒక చిక్కు. జేఆర్ రైళ్లు ఇందులో లేవు. ఊరి చుట్టూ తిరిగే పచ్చ రంగు యమనోతే లైను జేఆర్‌దే. మ్యాప్ ఏమో ఊరికే దాన్నే చూపిస్తుంది. షిబుయా నుంచి హరజుకుకి ఒక్క స్టేషన్. గేటులో పాస్ పెడితే రెక్కలు టక్కున మూసుకున్నాయి, వెనక క్యూ ఆగిపోయింది. తలా 150 యెన్లు పెట్టి వెళ్లాం. దిగాక చూస్తే ఎదురుగానే మెయ్‌జి జింగుమయె మెట్రో స్టేషన్. షిబుయా నుంచి ఫుకుతోషిన్ లైనులో అదీ ఒక్క స్టేషనే, మా పాస్‌లో ఉన్నదే.

ఇది కాగితం టికెట్ కాబట్టి గేటులో దూర్చి, అవతల బయటికొచ్చాక మళ్లీ తీసుకోవాలి. మావారు రెండో రోజు తీసుకోవడం మర్చిపోయి నడిచేశారు. మెట్రో కార్డు తాకించి వెళ్లిపోయే హైదరాబాద్ అలవాటు మరి. పది నిమిషాల తర్వాత వెనక్కి వెళ్తే స్టేషన్ ఉద్యోగి రెండు చేతులతో అందించాడు.

ముందే డబ్బు వేసుకుని రైళ్లలో, దుకాణాల్లో వాడే సుయికా కార్డు సంగతి కూడా చెప్పాలి. 2024లో చిప్పుల కొరత వల్ల మామూలు కార్డుల అమ్మకం ఆపేసి ఉంది. పర్యాటకులకు వెల్‌కమ్ సుయికా ఇచ్చేవారు. డిపాజిట్ లేదు, 28 రోజులు పనిచేస్తుంది, మిగిలిన డబ్బు వెనక్కి రాదు. ఐఫోన్ ఉంటే ఫోన్‌లోనే పెట్టుకోవచ్చు. జపాన్ బయట కొన్న ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ వీలు లేదు. స్టేషన్ మిషన్లలో డబ్బు వేయాలంటే చాలాచోట్ల నోట్లే. క్రెడిట్ కార్డుతో అన్నీ అయిపోతాయనుకుని వెళ్లకండి. పాస్, కార్డు రెండూ దగ్గరుంటేనే నిశ్చింత. మెట్రోకి పాస్, జేఆర్‌కీ దుకాణాలకీ కార్డు.

మూడో రోజు ఆడపడుచు ఇంటికి. నిషి కసాయ్‌లో మనవాళ్లు చాలామంది ఉన్నారు. కంప్యూటర్లకు 2000 సంవత్సరం గండం అని గోల జరిగిన రోజుల్లో వచ్చిన ఇంజినీర్లతో మొదలైందట ఈ వలస. సూపర్‌మార్కెట్ ముందు తెలుగు వినిపిస్తే అత్తయ్య మొహం వెలిగిపోయింది. కానీ అక్కడికి చేరడమే ఒక కథ. నిహొంబాషిలో తోజాయ్ లైనుకి మారాలి. ఆ లైనులో రాపిడ్ రైళ్లున్నాయి. తోయొచో దాటితే మళ్లీ ఆగేది ఉరయసులోనే. నిషి కసాయ్ బోర్డు కిటికీలోంచి అలా వెళ్లిపోవడం చూస్తూ కూర్చున్నాం. టోక్యో దాటి చిబాలో తేలాం. పాస్ ఆ స్టేషన్‌కీ చెల్లుతుంది కాబట్టి డబ్బు పోలేదు, ఎదురు రైలెక్కి వెనక్కి వచ్చాం. ఆడపడుచు నవ్వి, "కొత్తగా వచ్చినవాళ్లంతా ఒకసారి ఉరయసు చూసే వస్తారు వదినా" అంది. పొద్దున్న ఏడున్నర, తొమ్మిది మధ్య మాత్రం ఆ లైను జోలికి రావద్దని చెప్పింది. దేశంలోనే రద్దీకి పేరున్న లైన్లలో అదొకటి.

పక్క స్టేషన్ కసాయ్‌లో, పట్టాల వంతెన కిందే మెట్రో మ్యూజియం ఉంది. పెద్దలకు 220, పిల్లలకు 100 యెన్లు. 1927 నాటి పసుపు రంగు రైలు పెట్టె అక్కడే పెట్టారు. రైలు నడిపే మిషన్ దగ్గర మావాడు గంటన్నర కదల్లేదు. ఈ ప్రయాణంలో పెట్టిన ప్రతి యెన్ గిట్టుబాటైన చోటు చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

క్యోటోకి వెళ్లేటప్పుడు పెట్టెలు మోయలేదు. షింకాన్‌సెన్‌లో పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెంటీమీటర్లు దాటిన పెట్టెకు ముందే ప్రత్యేక సీటు బుక్ చేసుకోవాలి, లేకపోతే 1,000 యెన్లు వసూలు చేస్తారు. అందుకే పెట్టెల్ని అసకుసా హోటల్ కౌంటర్‌లోనే ఇచ్చి, తిరిగొచ్చాక దిగబోయే షింజుకు హోటల్‌కి పంపించేశాం. ఒక్కో పెట్టెకు రెండు వేల యెన్ల చుట్టుపక్కల. మూడు రోజుల తర్వాత వెళ్తే మా పేర్ల చీటీలతో లాబీలో సిద్ధంగా ఉన్నాయి. జపాన్‌లో ఏ సేవ నచ్చిందని అడిగితే బుల్లెట్ రైలు కన్నా ముందు దీన్నే చెబుతా.

షింజుకులో రెండు రాత్రులు నా పొరపాటు. గది బాగుంది, ధర అసకుసా కన్నా ఎక్కువ. స్టేషన్‌కి "ఐదు నిమిషాలు" అని రాశారు, కాదనలేం. కానీ ఆ స్టేషన్‌కి రెండు వందలకు పైగా దారులున్నాయి. ఐదు నిమిషాలు ఏ దారి నుంచో రాయలేదు. ప్లాట్‌ఫామ్ నుంచి గదికి ఏ రోజూ ఇరవై నిమిషాలకు తక్కువ పట్టలేదు. పెద్దవాళ్లతో వెళ్తే అసకుసా, ఉయెనో వైపు ఉండటమే సుఖం. రాత్రి పూట తిరిగే ఓపికున్నవాళ్లకు షింజుకు సరే.

తిరుగు ప్రయాణానికి ఎక్స్‌ప్రెస్ రైలా, బస్సా అన్న చర్చ వచ్చింది. అత్తయ్య తేల్చేసింది: "ఇంక ఆ స్టేషన్‌లో నేను నడవను." లిమోజిన్ బస్సు తలా మూడున్నర వేలకు కాస్త అటూ ఇటూ, రైలు కన్నా కొంచెం ఎక్కువే. ట్రాఫిక్ ఉంటే రెండు గంటలు. కానీ బస్సు దగ్గరున్న ఇద్దరు కుర్రాళ్లే పెట్టెలు ఎక్కించారు, చీటీలిచ్చారు. బస్సు కదిలేటప్పుడు ఆ ఇద్దరు కుర్రాళ్లు నడుం వంచి నమస్కారం పెట్టారు. అత్తయ్య కిటికీలోంచి చేతులు జోడించింది.

నరితాలో నా సుయికాలో 212 యెన్లు మిగిలాయి. మావాడు అన్నం ముద్ద ఒకటి కావాలన్నాడు, 174 అయింది. ఆ కార్డుతోనే ఇప్పుడు వాడు పుస్తకంలో పేజీ గుర్తు పెట్టుకుంటున్నాడు. అందులో నావి ఇంకా 38 యెన్లున్నాయని అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటాను.